తుంగతుర్తి పొట్టేలు, కోదాడ కత్తి

తుంగతుర్తి నుంచి సూర్యాపేటకు పొద్దున అయిదున్నరకు ఒక బస్సుంది. చలికాలంలో దాన్ని నమ్ముకునేవారు ఒక శాలువా ఎక్కువ తెచ్చుకోవాలి. నేను వెళ్లిన ఆదివారం అది అయిదూ యాభైకి వచ్చింది. నా ప్రయాణానికి కారణం ఒక పొట్టేలు. అప్పటికి దాన్ని కోసి రెండు గంటలు కావస్తోంది.

నాది మిర్యాలగూడ. తుంగతుర్తి మా అత్తగారి ఊరు. ఏటా ఈ కాలంలో ఒక ఆదివారం మా బావమరదులు, వాళ్ల పాలోళ్లు, అంటే దాయాదులు, కలిసి ఒక పొట్టేలును కోసి పోగులు వేసుకుంటారు. పోగంటే వాటా. వాటాదారులంతా కళ్లముందుంటేనే ముక్కలు కొట్టాలన్నది తాతల నాటి కట్టు. రెండేళ్ల కింద పెద్ద బావమరిది లింగయ్య ఈ కట్టు తప్పాడు. చిన్నవాడు యాదగిరికి కోదాడలో మటన్ కొట్టుంది. ఆదివారం గిరాకీ వదిలి రావడం ఆలస్యమైతదని ఫోన్ చేస్తే, లింగయ్య ఆగకుండా ఎనిమిదింటికే కొట్టించి, తమ్ముడి పోగును పాలిథిన్ కవర్లో బిగించి బస్సులో పంపించాడు. వేడి ఆరని మాంసం మూట కట్టి పంపితే ఏమవుతుందో అదే అయింది. వేరేవాళ్లయితే పారేసి ఊరుకునేవారు. యాదగిరి రోజంతా మాంసంతో బతికేవాడు గనక దాన్ని తిట్టుగా తీసుకున్నాడు. అప్పటి నుంచి ఊరికి రాలేదు, అన్న ఫోన్ ఎత్తలేదు.

ఈసారి పొట్టేలును కోసే మనిషి ఎక్కడో పెళ్లుందని నాలుగింటికే వచ్చాడు. తోలు తీసి, పేగులు తీసి, వెళ్లిపోయాడు. ఆ తర్వాత లింగయ్య చేసిందంతా నేను పక్కన నిలబడి చూశాను. నీళ్ల బిందె దగ్గరికి రానివ్వలేదు. పొడి గుడ్డతో లోపలా బయటా తుడిచాడు. వెనక కాళ్లు పైకి పెట్టి కొట్టం దూలానికి, గాలి ఆడే వైపు వేలాడదీశాడు. పక్కటెముకలు మూసుకోకుండా అడ్డంగా ఒక పుల్ల పెట్టాడు. పైన పల్చటి పంచె కప్పాడు. ఇదంతా ఎక్కడ నేర్చావని అడిగితే, చిన్నోడు చెప్పేటోడు అన్నాడు.

"వాడొస్తేనే కత్తి పెడత బావా. పదకొండు దాంక సూస్త. రాకుంటే దీన్ని బొంద తీసి పెట్టేస్త. ఇగ పొత్తు ఖతం" అన్నాడు.

యాదగిరిని ఎవరు పోయి తీసుకొస్తారన్నట్టు పాలోళ్లు నా వైపు చూశారు. అల్లుణ్ని ఎవరూ తిట్టరని వాళ్ల ధీమా.

ఏడూ అయిదుకు సూర్యాపేట. బస్టాండు బయట ఇడ్లీలు వేడిగా ఉన్నాయి, చట్నీ చల్లగా ఉంది. ఏడూ ఇరవైకి కోదాడ బస్సు దొరికింది. హైవే మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే డ్రైవర్ అద్దం తుడవడమే పనిగా పెట్టుకున్నాడు. పక్క సీటు ముసలాయన నా సంగతంతా విని, "మంచు తొమ్మిదికి ఇడుస్తది. ఎనకనే ఈగలొస్తయి" అని చెప్పి హాయిగా నిద్రపోయాడు.

ఎనిమిదిన్నరకు కొట్టు ముందున్నాను. నా ముందు పన్నెండు మంది. యాదగిరి నన్ను చూసి, ఎంత కావాలి అన్నట్టు చెయ్యి ఊపాడు. వాళ్ల అక్క, అంటే మా ఆవిడ, రమ్మన్నదని చెప్పాను. ఆదివారమని అన్నాడు. అన్న ఎదురుచూస్తున్నాడన్నాను. కత్తి ఆగలేదు. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎన్నింటికి కోసిన్రు?"

"నాలుగింటికి."

"నీళ్లు కొట్టిండా?"

ఇక్కడ నేను అబద్ధమాడాను. ఎందుకాడానో చెప్పలేను. ఖాళీ చేతులతో ఆ కొట్టం ముందుకు వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు.

"రెండు బిందెలు. కవర్ గూడ చుట్టిండు."

కత్తి మొద్దు మీద ఆగింది. యాదగిరి భార్య సుజాత వచ్చి ఆయన చేతిలోంచి కత్తి తీసుకుంది. "మీరు వెళ్లండి, కొట్టు నేను చూసుకుంటాను" అంది. ఎప్పుడెప్పుడా అని ఆమె రెండేళ్లుగా కాచుకున్నట్టుంది.

ఎనిమిదీ యాభై బస్సు. మునగాల దాటేసరికి ఎండ వచ్చింది. యాదగిరి ఆ ఎండను పగవాణ్ని చూసినట్టు చూశాడు. మాంసంలో వేడి పోవాలని, తడి తగలొద్దని, కవర్ చుడితే లోపల ఉడుకుతుందని, చలి ఉంది కదా అని మురవొద్దని సూర్యాపేట దాకా నాకు పాఠం చెప్పాడు. ముందు సీటామె కూడా వెనక్కి తిరిగి విన్నది. నేను తల ఊపుతూ కూర్చున్నాను.

పదీ యాభై అయిదుకు కొట్టం దగ్గరికి చేరాం. లింగయ్య వేప మండ పట్టుకుని ఎత్తుపీట మీద కూర్చుని ఉన్నాడు. నేను బయలుదేరినప్పటి నుంచి లేవలేదట, చాయ్ కూడా తాగలేదట. యాదగిరి అన్నను చూడలేదు. పంచె తీశాడు. అడ్డం పుల్ల చూశాడు. తొడను బొటనవేలితో నొక్కి, వేలు వాసన చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"కవర్ ఏది బావా?"

"తీసేసినట్టున్నరు" అన్నాను.

తర్వాత పొట్టేలు వైపు తిరిగి చెయ్యి చాపాడు. "కత్తి ఇయ్యే" అన్నాడు, అన్నతో. లింగయ్య కత్తి ఇచ్చి, మొహం కడుక్కునే మిషతో బావి దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

మూడున్నర బస్సుకు బయలుదేరాను. అందరి పోగులూ మోదుగాకుల్లో, గుడ్డ సంచుల్లో పెట్టిన యాదగిరి, నా పోగు మాత్రం పాలిథిన్ కవర్లో వేసి రెండు ముళ్లు బిగించాడు. నీకు కవరంటే పాణం గద బావా, అన్నాడు.

సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఆ ముళ్లు పళ్లతో విప్పి మూతి తెరిచాను. గాలి తగలాలి కదా. పక్కనున్నాయన లేచి వెనక సీటుకు పోయాడు. కార్జం పోగుకు ఒక్క ముక్క వేస్తారు. మా దాంట్లో మూడున్నాయి. మిగతా రెండూ ఎవరివో నేను అడగనక్కర్లేదు. అన్న వేసింది తమ్ముడికి, తమ్ముడు వేసింది అన్నకు తెలిసి ఉండదు. మా ఆవిడకు చెప్పాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక వాసన తగిలేదాకా ఆ కవర్‌ను రెండు చేతులతో తెరిచే పట్టుకున్నాను.