తొమ్మిదడుగుల రింగు

సూర్యాపేటకు వీరేశం ఆరడుగుల ఆరంగుళాలుగానే తెలుసు. అంతకు మించి తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు.

పదకొండేళ్లు అతను బాస్కెట్‌బాల్ ఆడి బతికాడు. హైదరాబాద్‌లో ఆడాడు, చెన్నైలో ఆడాడు. మూడు సీజన్లకే మూతపడిన ఒక లీగ్‌లో వీపు మీద పేరు రాసిన బనీను వేసుకుని ఆడాడు. తిరిగి వచ్చాక ఊరివాళ్లు పెళ్లి పందిట్లో తోరణాలు కట్టడానికి పిలిచారు. మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలు మేనేజరైతే పనివాళ్లకు కేకేసి మరీ చెప్పాడు.

"వీరేశం వస్తుండు, నిచ్చెన తీసెయ్యుండ్రి!"

వీరేశం తోరణం కట్టాడు. భోజనం చేసి వచ్చాడు.

తండ్రి వెంకన్న గొర్రెలు కాసేవాడు. ఎండాకాలం పచ్చిక దొరకని రోజుల్లో కొడుకు చెట్టెక్కకుండానే తుమ్మకొమ్మలు వంచి మందకు మేత అందించేవాడు. ఆ ఎత్తును నిజంగా వాడుకున్నవి గొర్రెలే. అవి చప్పట్లు కొట్టలేదు, తిని ఊరుకున్నాయి.

పదిహేడో ఏట జూనియర్ కాలేజీ పీఈటీ అతన్ని చూశాడు. పరుగెత్తగలవా అని అడగలేదు. బంతి పట్టగలవా అని అడగలేదు. గోడకు నిలబెట్టి తల మీద చాక్‌పీసుతో గీత గీశాడు. ఆ గీతను చూపించి హైదరాబాద్ స్పోర్ట్స్ హాస్టల్లో చేర్పించాడు. అక్కడి కోచ్ నేర్పినది ఒకటే: రింగు కింద నిలబడు, ఎవడన్నా వస్తే చేతులెత్తు. తర్వాత వచ్చిన కోచ్‌లూ అదే చెప్పారు. అలా నిలబడే పనిలో అతను కాలం గడిపాడు. అతనికన్నా ఒక అంగుళం పొడుగువాడు దొరికిన రోజున బెంచీ మీద కూర్చోబెట్టారు.

ఆటలో ఎత్తుతో పెద్దగా పనిలేని చోటు ఒకటుంది. ఎదుటి జట్టు తప్పు చేసినప్పుడు రింగుకు పదిహేనడుగుల దూరంలో గీత మీద ఒంటరిగా నిలబడి బంతి వెయ్యాలి. ఎవరూ అడ్డు రారు. మోచెయ్యి, మణికట్టు, ఊపిరి, పదడుగుల ఎత్తున ఇనుప చుట్టు, అంతే. ఆ ఫ్రీ త్రోను వీరేశం తనంతట తానే నేర్చుకున్నాడు. అందరూ స్నానాలకు పోయాక రోజుకు రెండు వందలు వేసేవాడు. చెన్నైలో ఒక సీజన్ మొత్తం మీద నాలుగే తప్పాడు. పేపర్లు ఆ సంగతి రాయలేదు. గుమ్మానికి తల తగలకుండా వంగుతున్న ఫొటో వేశాయి.

ముప్పై మూడో ఏట మోకాలు పోయింది. ఆపరేషన్ అయ్యాక పాదాలు నేల విడిచి జానెడుకు మించి లేవలేదు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీగా చేరాడు. పరీక్షలు దగ్గరపడితే ఆటల పీరియడు లెక్కల సారుకు పోతుంది. ఆ బడిలో పరీక్షలు ఎప్పుడూ దగ్గరే ఉండేవి.

అక్కడికే ఒక సాయంత్రం నాగరాణి వచ్చింది. మేళ్లచెరువు నుంచి సిమెంటు లోడు తోలే లారీ డ్రైవరు కూతురు. సూర్యాపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు.

"సార్, పొట్టోళ్లు ఆడొచ్చా?"

"గా గీత కాడ నిలబడు," అన్నాడు వీరేశం.

ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల బడి ఆవరణలోని పాత రింగులో ఇరవైకి పదిహేను వేసేది. జూనియర్ల రాష్ట్ర జట్టుకు వెళ్లడానికి వయసు ప్రకారం ఆమెకు ఇదే చివరి ఏడాది. వీరేశానికి తనకు కూడా ఇదే చివరి అవకాశం అనిపించేది. తన ఎత్తును చూసి ఎవరేమన్నా సరే, తన చేతి పని ఒకరి చేతిలో బతికితే చాలు అనుకున్నాడు. ఇరవై ఏళ్లలో అతను కోరుకున్నది అదొక్కటే.

ఇంతలో ఊరికి అతని మీద ప్రేమ పుట్టింది.

ఇనుప సామాను దుకాణం లింగయ్య ఒక సేవాసమితికి అధ్యక్షుడు. ఆ సమితి ఏ సేవ చేసినా ముందు ఫ్లెక్సీ లేచేది, తర్వాత సేవ. ఈసారి వీరేశం పేరు మీద సిమెంటు కోర్టు. ఒకే రింగు, సగం కోర్టు. ప్రారంభానికి ముందు రోజు లింగయ్య రిహార్సల్ చేశాడు. తొమ్మిదిసార్లు వేస్తే బంతి రింగు దాకా ఒక్కసారి కూడా పోలేదు. వెల్డింగ్ సోమ్లాను పిలిచాడు.

"సోమ్లా, రేపు అందరి ముంగట ఇజ్జత్ పోతది. జర కిందికి దించరాదు."

"ఎంత దించాలె సేటూ?"

"బంతి పడేటంత."

సోమ్లా ఒక అడుగు దించి వెల్డింగ్ చేశాడు.

మర్నాడు లింగయ్య మూడో ప్రయత్నంలో బంతి వేశాడు. బ్యాండు మోగింది. జనం వీరేశం, వీరేశం అని అరిచారు. భుజాల మీద శాలువాతో అతను రింగు కిందికి నడిచి, అలవాటుగా చెయ్యెత్తాడు. మునివేళ్లకు ఇనుము దాదాపు తగిలింది. అంత దగ్గరగా ఏ రింగూ ఎన్నడూ రాలేదు. సంగతేమిటో ఆ క్షణంలోనే తెలిసింది. చెప్పడానికి మైకు నాలుగడుగుల దూరంలోనే ఉంది.

అతను శాలువా తీసి కుర్చీ మీద వేశాడు. రెండడుగులు వెనక్కి వేసి, పరుగెత్తి, ఎగిరి, బంతిని పైనుంచి రింగులోకి దించాడు. మోకాలు పోయిన ఆరేళ్ల తర్వాత. ఊరు ఊగిపోయింది. రాత్రికల్లా ఆ వీడియో సూర్యాపేట దాటి కోదాడకు, మిర్యాలగూడకు పాకింది.

భార్య లత అంగన్‌వాడీ టీచరు. వీడియో రెండుసార్లు చూసింది.

"మెట్లెక్కేటప్పుడు నా భుజం పట్టుకుంటవ్. గంత ఎత్తు ఎట్ల ఎగిరినవ్?"

"ఎగిరిన గదా, కనిపిస్తలేదా?"

"కనిపిస్తుంది. అందుకే అడుగుతున్న."

తల్లి కొమురమ్మ మంచంలోంచి అంది: "పోనీయ్ పిల్లా. ఇన్నేండ్లకు ఊరు మెచ్చుకుంది."

వీరేశం పోనిచ్చాడు. రెండు నెలలు పోనిచ్చాడు. బడివాళ్లు పాత రింగు పీకి అక్కడ బస్సుల షెడ్డు వేశారు. నాగరాణి కొత్త కోర్టులోనే వేసేది. అన్నీ పడేవి. ఇరవైకి పద్దెనిమిది, పంతొమ్మిది. ఆమె మోచెయ్యి రోజురోజుకు కిందికి దిగుతుండడం అతను చూస్తూనే ఉన్నాడు. రేపు చెబుదాం అనుకునేవాడు. బజారులో ఎవరో ఫోను తీసి "అన్నా, మళ్లొకసారి ఎగురరాదే" అనేవారు. ఆ రేపు మరో రోజు జరిగేది.

సెలక్షన్లకు మూడు వారాల ముందు సూర్యాపేట పిల్లలు కోదాడలో ఒక కాలేజీ జట్టుతో పోటీ పెట్టుకున్నారు. అక్కడి రింగు పదడుగులు. నాగరాణికి తొమ్మిది ఫ్రీ త్రోలు వచ్చాయి. ఎనిమిది తప్పింది. తప్పిన ప్రతి బంతీ రింగు ముందంచుకు కొట్టుకుని తిరిగి వచ్చింది. కోదాడ పిల్లలు నవ్వారు.

"ఏంటండీ, అన్నం తినకుండా వచ్చారా?"

తిరుగు బస్సులో ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"నేను ఇడిసిపెడత సార్. నా చేతులే మంచియి కావు. మీరు ఏడాది చెప్పిండ్రు, దండగ."

ఆమె తన చేతులను తిట్టుకుంటోంది. మునగాల దాటేదాకా వీరేశం ఆగాడు. అది కూడా ఆలస్యమే.

"నీ చేతులకు ఏం కాలే. మన రింగే అడుగు కిందికున్నది."

ఆమె తిరిగి చూసింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"ఎగిరిన రోజా?"

"ఎగరకముందే."

సూర్యాపేట బస్టాండులో ఆమె అతని కన్నా ముందే దిగి హాస్టల్ వైపు పోయింది.

అతను నేరుగా లింగయ్య దుకాణానికి పోయాడు. విషయం విని లింగయ్య నవ్వాడు.

"అడుగు కిందికుంటే ఏమైతది వీరేశం? పిల్లలకు అందుతది, మంచిదే గదా."

"అందుడు కాదు సేటూ, ఆట ఖరాబైతది. రింగు పదడుగులు ఉండాలె."

"మరి గంత మంది ముంగట నువ్వే ఎగిరి వేస్తివి. అప్పుడు లేని పరేషాన్ ఇప్పుడెందుకు? రింగు లేపితే జనం అడుగరా? నా ఇజ్జత్ సంగతి ఇడిసిపెట్టు. నీదో?"

"పోతది."

"పోతదని తెలిసి?"

"పోవాల్సిందే పోతది. సోమ్లాను పంపు."

లింగయ్య పంపలేదు. వీరేశమే వెల్డింగ్ సోమ్లాను వెతికి పట్టుకుని మర్నాడు పొద్దున్నే కోర్టుకు తీసుకొచ్చాడు. నడవడానికి వచ్చినవాళ్లు చుట్టూ చేరారు. టేపు పెట్టి కొలిస్తే తొమ్మిదడుగులే. ఒకాయన లెక్క వెంటనే తేల్చాడు.

"అంటే గా వీడియో ఉత్తదేనా అన్నా?"

"ఉత్తదే."

"థూ! మా బావమరిదికి సుత పంపిన గదనే."

సోమ్లా రింగును అడుగు పైకి లేపి వెల్డింగ్ చేసి, ముసుగు పైకెత్తి నెమ్మదిగా అన్నాడు: "నాకు దించేటప్పుడే అనుమానమొచ్చింది సార్. పెద్ద ప్లేయర్ మీరే ఏమనకపోయేసరికి, గింతే ఉంటదేమో అనుకున్న."

అది తిట్టు కాదు. ఆ పొద్దున అతను విన్న మాటల్లో అదే గట్టిగా తగిలింది.

సాయంత్రం నాగరాణి వచ్చింది. నమస్తే పెట్టలేదు. గీత మీద నిలబడి బంతి వేసింది. ఇరవైకి నాలుగు. వీరేశం రింగు కింద నిలబడి, పడిన బంతినీ పడని బంతినీ ఏరి ఇచ్చాడు. "మోచెయ్యి," అనేవాడు. ఆమె మోచెయ్యి లేపేది. వారానికి ఏడు పడ్డాయి. రెండో వారానికి పది. మూడో వారం ఆఖర్న పన్నెండు.

సెలక్షన్లు హైదరాబాద్‌లో. పొడుగు పిల్లలు చాలామంది వచ్చారు. నాగరాణి పరుగులో మిగిలింది, పాసుల్లో మిగిలింది. చివర ఫ్రీ త్రోలు. ఇరవైకి పదమూడు వేసింది. జట్టులో చివరి చోటు దక్కిన పిల్ల పద్నాలుగు వేసింది.

కాగితాలు సర్దుకుంటూ సెలెక్టరు ఆమెను పిలిచాడు.

"చెయ్యి మంచిగుంది. కానీ ఈ మధ్యే మార్చినట్టున్నవ్, ఇంకా కుదురుకోలే. ముందే సరిచేసుకోవాలె గదమ్మా. మీ కోచ్ చెప్పలేదా?"

వీరేశం గోడ పక్కనే నిలబడి ఉన్నాడు. నాగరాణి అతని వైపు చూసి, మళ్లీ సెలెక్టరు వైపు తిరిగింది.

"చెప్పిండు సార్. ఆయనకు వీలైనప్పుడు."