చదవకుండా తిప్పిన పేజీలు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మనం స్థలాలు కొన్న టౌన్‌షిప్ నీట మునిగి మన కుటుంబాలు పాడవడానికి అవి అమ్మిన కంపెనీ ఒక్కటే కారణమని ఈ బెంగాలీ నగరంలో, ఏక్‌బాల్‌పూర్ పేటలో ఉండే మా తెలుగువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లలకూ అదే చెబుతున్నారు. అందులో నా భాగం కూడా ఉంది. అందుకే రాస్తున్నాను.

ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఓడరేవులో పనిచేస్తూ లైబ్రరీలో చదువుకున్నవాణ్ని. తెలుగు, ఇంగ్లిషు బాగా వచ్చు. బెంగాలీ పత్రిక కూడబలుక్కుంటాను. మా వాళ్లు ఏ కాగితమైనా నాకు చూపించి, నేను బాగుందంటేనే వేలిముద్ర వేసేవారు.

నగరానికి దూరంగా, పొలాల మధ్య కొత్త ఊరు కడుతున్నామని కంపెనీవాళ్లు అన్నారు. పెద్ద గేటు లేచింది. ఎర్రకంకర రోడ్లు పడ్డాయి. మా వాళ్లు డబ్బు కట్టి స్థలాలు తీసుకుని, ఇళ్లు వేసుకుని అక్కడికి మారడానికి సిద్ధపడ్డారు. వేలిముద్ర వేయాల్సిన పత్రం మాత్రం కోర్టుల్లో వాడే కఠినమైన బెంగాలీలో ఉంది. రెండు వాక్యాలు దాటి నాకేమీ అర్థం కాలేదు. ఆ మాట చెప్పలేక, పెదాలు కదుపుతూ పేజీలు తిప్పాను.

పక్కగది నరసమ్మ పిన్ని నవ్వింది.

“ఇంత బేగి సదివేసినావేటి నాయినా? కాగితాల్తో ఇసురుకుంటన్నావనుకున్నాను!”

“ఎండాకాలం కదా పిన్నీ, రెండు పనులూ అయిపోనాయి.”

“మరి ఈ అద్దె గది కాలీ చేసీమంటావా?”

“చేసీ. అంతా బాగుంది.”

“నువ్వు సదివినాక నాకేటి బయం!” అని వేలిముద్ర వేసేసింది.

నాలుగు రోజుల తర్వాత లైబ్రరీ చూసుకునే శుభ్రో దాదాతో ఆ పత్రం నకలు చదివించాను. అది నీళ్లు నిలిచే పల్లం, అక్కడ ఇళ్లు కట్టకూడదు అని అందులోనే రాసి ఉంది. పరుగున ఇంటికి వచ్చాను. పిన్ని ఇంకా గది వదల్లేదు, గిన్నెలు గోనెసంచుల్లో సర్దుతోంది. ఒక్క మాట చెబితే ఆ గది ఆమెకు మిగిలేది. నేను సంచి మూతి కుట్టి ఇచ్చాను.

ఎందుకు? ఆమె మీద కోపమా? కంపెనీవాళ్లంటే భయమా? రెండూ కాదు. నాకు చదవడం రాలేదని తెలిస్తే రేపటి నుంచి కాగితం పట్టుకుని నా గుమ్మం ఎవరు ఎక్కుతారన్నదే నా బాధ. అంతే.

రెండో వానాకాలానికి ఆ ఇళ్లలో మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. ఇప్పుడు గేటు మిగిలింది, లోపల చేపలు పెంచుతున్నారు. పిన్ని ఇదే నగరంలో గార్డెన్ రీచ్ పేటలో మేనకోడలి వరండాలో పరదా కట్టుకుని ఉంటోంది.

నిన్న వెళ్లి చెప్పాను. ఆమె పరదా లాగేసుకుంది. క్షమించమని నేను అడగలేదు. ఆదివారం మిగిలిన కుటుంబాల ముందు ఇది చదువుతాను. ఈసారి ప్రతి అక్షరమూ చదువుతాను.

పత్రం విప్పి చెప్పిన శుభ్రో దాదాకు, ఈ రాతను మెత్తబరచకుండా సాపు రాసిన రాజేశ్వరికి, వెనక్కి తిరగబోయిన నన్ను పిన్ని ఉండే గుమ్మం దాకా తీసుకెళ్లిన అప్పన్నకు, మధ్యలో లేచిపోకుండా ఆఖరి మాట దాకా విన్న నరసమ్మ పిన్నికి కృతజ్ఞతలు.