బిట్టా, బైటా?

తొంభైల చివర్లో నేను శామీర్‌పేట వైపు ఒక చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీకి ఇంజనీరుగా వచ్చాను. కోస్తాలో చదివిన డిగ్రీ ఒకటి, దానికి రెండింతలు పొగరు. అక్కడ నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన టెక్నీషియన్ ఒకాయన ఉండేవాడు. చెరువులో చేపలు పట్టే ఇంట్లో పుట్టి, పదో తరగతితో లైన్‌మన్‌గా చేరి పైకొచ్చినవాడు. నన్ను సార్ అనేవాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, మనసు బాగున్న రోజుల్లో.

ఆయనకి ఒకటే చాదస్తం. నేను ఏ లెక్క చెప్పినా "బిట్టా సార్, బైటా?" అని అడిగేవాడు. తీగ మీద వేగాన్ని బిట్లలో కొలుస్తాం, డిస్కులో జాగాని బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఇంగ్లీషులో రెండింటికీ బి అక్షరమే, బిట్టుకి చిన్నది, బైటుకి పెద్దది. ఆ రెండు అక్షరాలనీ ఆయన ఎప్పుడూ అనుమానంగానే చూసేవాడు.

మనిషి గొంతు ఒకటి తీగలో పోవాలంటే సెకనుకి అరవై నాలుగు వేల బిట్లు కావాలి. రెండు మెగాబిట్ల లైనులో అలాంటి గదులు ముప్పై రెండు, మాటలకి పనికొచ్చేవి ముప్పై. దీన్ని నేను కొత్తవాళ్లకి బోర్డు మీద అరగంట చెప్పేవాణ్ణి. ఆయన వెనక నుంచి ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. "ముప్పై రెండు సీట్ల బస్సు. డ్రైవరు, కండక్టరు పోంగ ముప్పైమందే గూసుంటరు." అందరికీ అర్థమైపోయేది. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు పైఅధికారులు వచ్చారు. నేను గడగడా లెక్కలు అప్పజెబుతుంటే వెనక నుంచి అదే ప్రశ్న. వాళ్లు నవ్వారు. వాళ్ల జీపు గేటు దాటగానే ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఇంకోసారి నా లెక్కలో వేలు పెట్టకండి. ఇక్కడ ఇంజనీరు నేనా, మీరా?"

"మీరే సార్" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

కొన్ని నెలలకి ఆయన గొంతులో క్యాన్సర్ బయటపడింది. స్వరపేటిక తీసేస్తే ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం ఉండదన్నారు. ఆసుపత్రిలో చేరడానికి ముందురోజు మధ్యాహ్నం నా దగ్గరకి వచ్చాడు.

"రాసుకుంట బతుకుత సార్. గని మా ఇంటామెకు సదువు రాదు గద."

ఆయన భార్య రోడ్డు పక్కన చేపలమ్మేది. ఒక్క అక్షరం ముక్క రాదు. ఎదురుగా కూర్చుని చెప్పబోతే ఏడుస్తోందట, మాట పూర్తి కానివ్వడం లేదట. "నా మాట పట్టిచ్చి ఇయ్యాలె సార్. నేను లేనప్పుడు నిమ్మళంగ ఇంటది" అన్నాడు. చొక్కా జేబులో కొత్త క్యాసెట్ ఉంది. ఇటు ముప్పై నిమిషాలు, అటు ముప్పై.

నాకేమో అప్పుడే వచ్చిన కంప్యూటర్ మీద మోజు. క్యాసెట్ అరిగిపోతుంది, ఫ్లాపీ డిస్కులో గొంతు ఎన్నేళ్లయినా అరగదు అన్నాను. ఆయన క్యాసెట్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

కాగితం మీద లెక్క వేశాను. నా దగ్గరున్న ఒకే ఒక్క ఫ్లాపీలో పద్నాలుగు లక్షల చిల్లర. గొంతుకి సెకనుకి అరవై నాలుగు వేలు. భాగిస్తే ఇరవై రెండు.

"ఇరవై రెండు సెకన్లే పడుతుందన్నా. త్వరగా చెప్పెయ్యండి."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. పెదవులు కదిలాయి. ఏమీ అడగలేదు.

మైకు చేతికి రాగానే పాతికేళ్ల అలవాటు ముందుకొచ్చింది. "హలో, హలో, టెస్టింగ్. ఒకటి, రెండు, మూడు." ఏడెనిమిది సెకన్లు దానికే పోయాయి. తర్వాత తడబడుతూ అన్నాడు. "అగో, నేనే. వానలల్ల ఒక్కదానివి చెరువు కాడికి పోకు. మోకాళ్లకు నూనె రాసుకో. ఇగ ఇంకో మాటేందంటే..."

వాచీ చూసి ఆపేశాను.

ఆపరేషన్ తర్వాత ఏడాది బతికాడు, చేతిలో పలకతో. ఆ ఇంకో మాటేమిటో రాసివ్వండి, నేను మీ ఆవిడకి చదివి వినిపిస్తాను అని ఒకసారి అడిగాను. బలపం అందుకుని రాశాడు. "అది రాసే మాట కాదు సార్. చెప్పే మాట." నేను చదివాక తడిగుడ్డతో తుడిచేశాడు.

ఆయన పోయాక ఆమె రెండు మూడు నెలలకోసారి ఎక్స్ఛేంజీకి వచ్చేది. చేపల గంప గేటు దగ్గర దింపి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చేది. నేను ఫ్లాపీ పెట్టేవాణ్ణి. ఆఖరి మాట దగ్గర ఆమె కొంచెం ముందుకి వంగేది.

"గింతేనా సారూ?"

"అంతే పడుతుందమ్మా." ప్రతిసారీ నమ్మకంగా చెప్పేవాణ్ణి.

కొన్నేళ్లు గడిచాయి. ఫ్లాపీలు పాడైపోతున్నాయని ఆ గొంతుని సీడీలోకి ఎక్కిస్తూ, ఎందుకో జాగా ఎంత పట్టిందా అని చూశాను. ఫ్లాపీలో నిండింది ఎనిమిదో వంతు. మిగతాదంతా ఖాళీ.

ఎనిమిది అని చూడగానే కాగితం తీసి పాత లెక్క మళ్లీ వేశాను. అరవై నాలుగు వేలు బిట్లు. పద్నాలుగు లక్షలు బైట్లు. బిట్లని ఎనిమిదితో భాగించి బైట్లు చెయ్యలేదు నేను. అందులో మూడు నిమిషాల పైనే పట్టేది. ఆయనకి తెలిసే ఉంటుంది. అడగొద్దన్నది నేనే.

ఈసారి ఆమె వచ్చినప్పుడు చెప్పేశాను. బిట్లూ బైట్లూ ఎత్తలేదు. నా లెక్క తప్పింది, మూడు నిమిషాలు మాట్లాడనివ్వాల్సింది, నేనే ఆపేశాను అన్నాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"మూడు నిమిషాలంటె ఎంతసేపు సారూ?"

గోడ గడియారం చూపించాను. ఎర్ర ముల్లు మూడుసార్లు తిరగాలి అన్నాను. ఆమె బెంచీ మీద కూర్చుని ముల్లునే చూసింది. నేనూ చూశాను. ఒక చుట్టు అయ్యేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చుట్టు తిరిగింది. మూడోది ఎంతకీ తెమలలేదు.

"అయిందా?"

"అయిందమ్మా."

ఆమె లేచి గేటు దాకా వెళ్లి, గంప ఎత్తుకోకుండా నిలబడింది.

"మస్తు సేపున్నది గద సారూ" అంది. "గింత సేపుంటే అన్నీ జెప్తుండె."