ఎత్తుకుపోలేని గుంత

ఇళ్లలో మగ్గాలు ఉండకూడదు, ఊరిబయట షెడ్లలోనే నేసుకోవాలని మా ఊళ్లో రూలు పెట్టారు. షెడ్డు లేనివాళ్లు ఏం చేయాలో అడగడానికి నాయన నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాడు. కుర్చీలో ఉన్నాయన తల కూడా ఎత్తలేదు.

"ఈడ కుదరకపోతే ఇంగో ఊరికి పోండప్పా, ఎవరొద్దన్నారు?"

బస్సులో సీటు మారమన్నంత తేలిగ్గా అనేశాడు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది గుంత మగ్గం. నేలలో గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి చెక్కలు తొక్కుతూ పట్టుచీర నేయాలి. మగ్గాన్ని విప్పి ఆటోలో వేసుకోవచ్చు. గుంతను ఎట్లా వేసుకుంటాం? అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. నాయన నేస్తుంటే నేను పక్కన కండెలకు దారం చుట్టేదాన్ని. ఇద్దరికీ మాటలు తక్కువ. ఆ మగ్గం చప్పుడే మా కబుర్లు.

కొత్తచెరువు ఊళ్లో అట్లాంటి రూలు లేదని విని, అక్కడ ఇల్లు వెతకడానికి బస్సెక్కాం. ఎవరైనా ఇల్లు చూపించగానే, బాడుగ ఎంతని కూడా అడక్కుండా నాయన "మగ్గానికి గుంత తవ్వుకోవాల" అనేవాడు. అక్కడితో మాటలు అయిపోయేవి. చక్కగా పరిచిన బండలు ఎవరు మాత్రం పగలగొట్టనిస్తారు?

"ముందు ఇంట్లో చేరుదాం నాయనా, తర్వాత చెప్పొచ్చు" అన్నాను విసుగ్గా.

"చెప్పకుండా ఒకరి నేల తవ్వేదా? నువ్వు మాట్లాడేది ఏమన్నా బాగుండాదా?" అని కసిరాడు.

చివరికి మట్టినేల ఇల్లున్న ఒక అవ్వ కాస్త మెత్తబడింది.

"మల్ల పోయేటప్పుడు?" అని అడిగింది.

"పూడ్చి పోతానమ్మా" అన్నాడు నాయన.

"పూడ్చినా ఆ నేల కుంగుతానే ఉంటాదప్పా. నా పిల్లోళ్లు ఈడ పండుకోవాల గదా."

ఆమె మీద కోపం తెచ్చుకోలేకపోయాను. ఆమెకున్నదీ ఆ ఇల్లొక్కటే. తిరుగు బస్సులో నాయన కిటికీలోంచి ఎండిపోయిన చెనక్కాయ చేలు చూస్తూ కూర్చున్నాడు. ఒక మనిషి కాళ్లు పట్టేంత గుంతకు ఇంత భూమ్మీద చోటు లేదా అని నాకు ఏడుపొచ్చింది.

మగ్గం అమ్మేశాం. గుంత పూడ్చేశాం. నాయన ఇప్పుడు ఊరిబయట ఒక షావుకారు షెడ్డులో, ఆయన మగ్గం మీద కూలికి నేస్తున్నాడు. పొద్దున పోతే పొద్దుగూకాక వస్తాడు. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. టీవీ పెట్టుకోమంటారు పక్కింటివాళ్లు. పెట్టినా ఇల్లు బోసిగానే ఉంటుంది.

అవ్వ చెప్పింది నిజమే. పూడ్చిన చోట నేల కుంగింది. షెడ్డు నుంచి రాగానే నాయన, మంచం వేసి ఉన్నా సరే, ఆ అంచునే కూర్చుంటాడు. కాళ్లు చీలమండల దాకా దిగుతాయి.

"ఇంత మట్టి తెచ్చి చదును చేద్దామా నాయనా?" అని మొన్న అడిగాను.

"ఉండనీలే" అన్నాడు.