నన్ను విడిపించిన పుంజు

మొన్న ఆదివారం పంజాగుట్టలో మా చర్చిలో, పండిన పంటలో కొంత దేవుడికి కానుకగా తెచ్చే కోత పండుగ జరిగింది. బల్ల మీద సూపర్ మార్కెట్ చీటీ అయినా ఊడదీయని రెండు గుమ్మడికాయలు, నాలుగు పళ్లబుట్టలు, గుమ్మం దగ్గర ఫోనుతో స్కాన్ చేసి కానుక వేయడానికి ఒక అట్ట. కోడి కూత వినబడని కోత పండుగ ఏం పండుగ అని నేను గొణిగితే, మా ఆవిడ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వెందుకో మీకూ చెబుతాను.

మాది కృష్ణా జిల్లాలో కాలవగట్టు పల్లె. నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కకపోయేసరికి, వీడు బతికితే నీ సేవకే ఇచ్చేస్తాను ప్రభువా అని మా అమ్మ మొక్కుకుందట. నేను బతికాను. ఇక అప్పట్నుంచీ పాస్టరుగారు మొదలుకొని ఊరంతా నన్ను దేవుడికిచ్చిన పిల్లాడనే పిలిచారు. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. పెద్దయితే పాస్టరునే అవుతానని నేను ఖాయం చేసుకున్నాను, అమ్మ ఏనాడూ అవుననలేదు, కాదనలేదు.

డిగ్రీ అయ్యాక, బైబిలు కాలేజీలో సీటు వచ్చేలోపు ఖాళీగా ఉండడమెందుకని అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులో చేరాను. అదే కొంప ముంచింది! నేను రాసిన నాలుగు లైన్లు తెరమీద చెప్పిన పని చేసి చూపిస్తే కలిగే సంతోషం ప్రార్థనలో కూడా కలగడం లేదేమోనని భయపడి, ఆ భయం పోవడానికి మళ్లీ ప్రార్థన చేసేవాణ్ణి. అలా ఉండగా బంజారా హిల్స్‌లో ఒక కంపెనీవాళ్లు ఉద్యోగమిచ్చారు. ఆ వారమే కాలేజీలో సీటు ఖాయమైందని ఊరినుంచి కబురొచ్చింది. సోమవారంలోగా ఇద్దరికీ జవాబు చెప్పాలి. ఉద్యోగంలో చేరితే అమ్మ మొక్కు తప్పినట్టు, కాలేజీకి వెళితే బతికినంతకాలం కుమిలిపోయేట్టు ఉంది. అన్నం సయించలేదు.

ఎస్.ఆర్. నగర్‌లో మా గది యజమానురాలు బోనాలెత్తే మనిషి. నా ముఖం చూసి సంగతంతా రాబట్టి, "గంత ఫికరెందుకు బిడ్డా, మా తాన సుత మొక్కులుంటయి, మొక్కినామెనే అడుగరాదూ?" అంది. ఇంత చిన్న ముక్క నాకెందుకు తట్టలేదో! ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి ఊళ్లో కిరాణా కొట్టుకు ఫోను చేసి అమ్మను పిలిపించాను.

అంతా విని అమ్మ పకపకా నవ్వింది. ఆ మొక్కు ఎప్పుడో తీరిపోయిందిరా పిచ్చి సన్నాసీ అంది. నేను పాకే వయసులో కోత పండుగనాడు, వరి కంకులకూ గుమ్మడికాయలకూ మధ్యన నన్ను బలిపీఠం ముందు కూర్చోబెట్టిందట. ఆరాధన అయ్యాక కానుకగా వచ్చినవన్నీ వేలం వేయడం మావాళ్ల ఆనవాయితీ. చర్చి గడప తొక్కని మా నాన్న, తాను తినకుండా మేపుకున్న పందెం పుంజును చంకలో పెట్టుకొని లోపలికొచ్చి, ఇది తీసుకొని నా కొడుకును నాకిచ్చేయండి అని వేలం పాట పాడాడట. అప్పటి ముసలి పాస్టరుగారు నవ్వి, ప్రార్థన చేసి, పుంజును అక్కడుంచి నన్ను నాన్న చేతుల్లో పెట్టారట. సంఘమంతా ఆమేన్ అన్నారట. ఊరివాళ్ల నోటికి అలవాటైన ఆ పిలుపు మాత్రం నన్ను వదల్లేదు. నువ్వే పాస్టరుగిరీ మీద మనసు పడ్డావనుకొని నోరు మెదపలేదురా అని, ఫోను పెట్టేసే ముందు ఒక్కమాట అంది: "మీ నాన్న విడిపించింది పాస్టరు కొలువునుంచి, ప్రభువునుంచి కాదు."

గుండెల మీద బండ దిగిపోయింది. అమీర్‌పేట చౌరస్తాలో నిలబడి ఏడుస్తూ నవ్వుతూ, రెండు ప్లేట్ల మిర్చి బజ్జీ తిన్నాను.

ఉద్యోగంలో చేరిన ఏడాది కోత పండుగకు ఒక పుంజును కొని, తల మాత్రం బయటికుండేట్టు సంచిలో పెట్టి, సిటీ బస్సులో చర్చికి తీసుకుపోయాను. ప్రసంగంలో, కోడి కూసేలోపే పేతురు యేసును ఎరగనని బొంకే ఘట్టం వచ్చిందో లేదో, అది కొక్కొరొకో అంది. ఇక చూసుకోండి, చర్చంతా నవ్వులు. ఆదివారం బడి పిల్లలకు నేనప్పట్నుంచీ కోడిపుంజు మాస్టారునే.

ఇప్పుడు చర్చిలో కోళ్లు వద్దన్నారు, నేల పాడవుతుందట. నిజమే, కాదనను. నేనూ ఫోనుతోనే కానుక వేసి వచ్చాను. నాన్న ముఖం నాకు గుర్తులేదు, ఫోటో కూడా లేదు. కానీ కోత పండుగ వస్తే చాలు, చంకలో పుంజుతో గడప దాటి నాకోసం వస్తున్న మనిషి ఒకడు కళ్లముందు నిలబడతాడు.