సగానికి మరిగిన నీళ్లు

మా అక్క పోగొట్టుకున్నవి వరసగా రాస్తున్నాను. మొదట కొళాయి దగ్గరి కబుర్లు. తరవాత అరచేతుల మెత్తదనం, పాదాల్లో స్పర్శ, ఆకలి. చివరికి ప్రాణం. నేను పోగొట్టుకున్నది ఒకటే, నన్ను "ఏరా" అని పిలిచే గొంతు.

ఓడరేవు పక్కన రాయపురంలో మేం తొమ్మిదేళ్లు ఉన్నాం. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాదే అక్క పోయింది. చిన్నవయసులోనే భర్త పోయి, నాకు వండిపెడుతూ ఉండిపోయిన మనిషి.

ఆ ఇంట్లో దిగిన వారానికే నేను అడుగులు కొలిచాను. వీధి చివరి కొళాయికి నాలుగు వందల అరవై అడుగులు, ఆపైన గంటసేపు లైను. పెరటి బావికి ఇరవై రెండు. కొళాయికి పోవద్దన్నాను.

"ఆడైతే నాలుగు మాటలు దొరకతాయి రా. ఈ బావికి నోరుండాదా?" అంది.

"రోజుకు గంట మిగలతాది గదా, అక్కా."

"మిగిల్చి ఏం చేస్తావు, ఊరగాయ పెడతావా?"

అయినా నా మాటే విన్నది. ఆ బావి నీళ్లలో కందిపప్పు ఇట్టే ఉడికేది. మా ఇళ్లలో నీళ్లకు అదే పరీక్ష. గోడ అవతల తోళ్ల గోడౌను. ఓడకెక్కించే తోళ్లను పురుగు పట్టకుండా తొట్లలో ముంచి ఆరేసేవాళ్లు. తోళ్ల వాసన గోడ దాటి వచ్చేది. బావి నీళ్లకు మాత్రం ఏ వాసనా లేదు.

నేను పగలంతా దుకాణంలో ఉండి అక్కడి నీళ్లు తాగేవాణ్ణి. అక్క ఇంటిపట్టునే ఉండేది, ఏకాదశులైతే ఆ బావి నీళ్లతోనే గడిపేది. కొన్నేళ్లకు ఆమె అరచేతుల్లో ఆవగింజల్లా గట్టి బొడిపెలు లేచాయి. మెడ మీద నల్లమచ్చలు వచ్చాయి. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. జబ్బుమనిషికి నీళ్లు సగానికి మరిగించి ఇవ్వడం మా ఇంటి ఆనవాయితీ. నాలుగు చెంబులు పోసి, సరిగ్గా రెండయ్యేదాకా పొయ్యి దగ్గర నేనే కూర్చునేవాణ్ణి. అలా ఏడాదిపాటు.

ఆఖరికి చూపించిన డాక్టరు ఆమె అరచేతులు చూసి, ఏ నీళ్లు తాగుతారని అడిగాడు. గోడౌను సంగతి చెప్పాను. తోళ్లు ముంచేది పాషాణమనే విషం కలిపిన నీళ్లలోనట. అవి నేలలోకి ఇంకి బావిలో చేరి ఉంటాయన్నాడు.

"మరిగించే ఇస్తున్నానండీ," అన్నాను.

"మరిగిస్తే పురుగు చస్తుందయ్యా, పాషాణం పోదు. నీళ్లు సగమైతే అది రెండింతలు చిక్కన."

ఆ లెక్క నాకు రానిది కాదు.

నలభై రోజులు కొళాయి నీళ్లే తాగించి మళ్లీ తీసుకురమ్మన్నాడు. రోజుకొకటి, నలభై బిందెలూ నేనే మోస్తానని అక్కకు మాటిచ్చాను. పదిహేడో రోజు బిందె దించుతుంటే పడకలోంచే అడిగింది.

"లైన్లో ఏం మాట్లాడుకుంటా ఉండారు రా?"

నేను వినలేదు. అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. అదే చెప్పాను.

"నీకు చెవులు దండగ. రేపన్నా విని రా."

మర్నాడు విన్నాను. బిందె మారిపోయిందని ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకున్నారు. తీరా చూస్తే రెండు బిందెలూ మూడో ఆవిడవి. అక్క నవ్వుతుందని ప్రతి మాటా గుర్తుపెట్టుకుని వచ్చాను. నేను గుమ్మంలోకి వచ్చేసరికి అక్కకు ఊపిరి లేదు.

పద్దెనిమిదో బిందె ఆమె తాగలేదు, కాబట్టి అది లెక్కలోకి రాదు. ఇప్పటికీ ఏ వీధిలోనైనా కొళాయి దగ్గర ఆడవాళ్లు కనిపిస్తే కాసేపు ఆగి వింటాను. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. నలభైలో ఆమె తాగినవి పదిహేడు. ఇంకా ఇరవై మూడు బిందెలు బాకీ.