గుట్ట పెరిగిన రోజు

ఆ పొద్దున గుట్ట కింద ఉన్నవి: నేను, దారి చూపే చెంచు తాత, ఒక బైనాక్యులర్, నా చేతికి ఎత్తు చూపే గడియారం, ఐదు లెక్క కాగితాలు, అటుకుల పొట్లం, ఆకాశం నిండా మబ్బు. అడవిలో తిరగడానికి మాకిచ్చిన అనుమతికి అదే ఆఖరి రోజు.

కల్వకుర్తి దాటాక వచ్చే నల్లమల గుట్టల్లో ఎత్తు పెరిగే కొద్దీ పక్షులు ఎలా మారతాయో చూడటం నా పని. లోయ నుంచి శిఖరం దాకా ఐదు చోట్లు. ఒక్కో చోట మూడు రోజులు, రోజుకు పది నిమిషాలు కదలకుండా నిలబడి, కనిపించినవీ వినిపించినవీ రాయాలి. వాన పడితే ఆ లెక్క చెల్లదు. మూడింటిలో ఒకటి తగ్గినా ఆ చోటు మొత్తం కొట్టేయాలి. నాకు ముఖ్యం పై చోటే. లోయలో జాతులు ఎక్కువ. పైన తక్కువే, కానీ అక్కడి గడ్డిలో తిరిగే రెండు జాతుల చిన్న పిట్టలు కింద ఎక్కడా కనబడలేదు. అవి నివేదికలోకి రావాలి.

నాలుగు చోట్లు సాఫీగా అయిపోయాయి. వాటికి చెట్ల మీద రంగు గుర్తులున్నాయి. పైన చెట్లు లేవు. దారిన పోయేవాళ్లు తలా ఒక రాయి వేసి మొక్కే కుప్పే గుర్తు. అక్కడికి చేరి గడియారం చూశాను. నిన్నటి కంటే ముప్పై ఐదు మీటర్లు ఎక్కువ.

"తాతా, ఇది నిన్నటి జాగ కాదు. మనం పైకొచ్చినం."

"నిన్న నువ్వే గదా సారు ఈ కుప్పల రాయేసినవు. గా ఒక్క రాయికే గుట్ట గంత పెరిగిందా?"

నేను నవ్వలేదు. ఇలాంటి కుప్ప ఇంకొకటి ఉందేమోనని వెదురు పొదల్లో పడి కిందికి దిగాను. తాత గొణుక్కుంటూ వెనకే వచ్చాడు. అరగంట పోయింది. కుప్ప లేదు. చుట్టూ ఒక్క పిట్ట కూడా కూయడం లేదని అప్పుడు గమనించాను.

"వాన దగ్గరికొచ్చింది. పిట్టలన్ని పొదలల్ల జొచ్చినయి" అన్నాడు తాత.

అప్పుడు తట్టింది. ఆ గడియారం గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెబుతుంది. వానకు ముందు పీడనం పడిపోతే, ఉన్నచోటే ఉన్నా ఎత్తు పెరిగినట్టు చూపిస్తుంది. అందుకే రోజూ బయల్దేరేముందు గుట్ట కింది కల్వర్టు దగ్గర, తెలిసిన ఎత్తుకు దాన్ని సరిచేయాలి. ఆ పొద్దున తొందరలో చేయలేదు.

పైకి ఉరికాం. కుప్ప పక్కన నిలబడి లెక్క మొదలుపెట్టాను. మూడో నిమిషంలో ఒక పిగిలిపిట్ట అరుపు. ఐదో నిమిషంలో గాలి. ఆరో నిమిషంలో ఎదురు గుట్ట మీద మెరుపు, ఆ వెంటనే ఉరుము. ఆ బోడి శిఖరం మీద అన్నిటికంటే ఎత్తుగా ఉన్నది మేమిద్దరమే.

"దిగుదాం పా సారు."

"నాలుగు నిమిషాలే తాతా."

"నువ్వుంటే నేను గూడ ఉండాలె. ఉండాల్నా?"

ఆయన కదలలేదు. ఏడో నిమిషంలో కాగితం మీద మొదటి చినుకు పడింది. కలం మూసి, ఆయన చెయ్యి పట్టుకుని దిగాను.

సగం దారిలో, తడిసి ముద్దయ్యాక, తాత అడిగాడు. "గిప్పుడు ఏమంటాంది నీ గడియారం? గుట్ట తగ్గిందా?"

ఆ కాగితం మీద 'అసంపూర్తి' అని రాశాను. నివేదికలో ఎత్తులు నాలుగు.